విన్న మాటను విచారించుదము



బూదికోటలో మేము క్షేమము. బంగారపేటలో రైలెక్కి బెంగళూరు పనులకు పోవువారికిని, ఇల్లు విడిచి దూరదేశములలో ఉన్నవారికిని ఒక సంగతి చెప్పవలెనని ఉన్నది. సెల్‌ఫోనులో వచ్చిన మాటను మనము అంత త్వరగా నమ్ముచున్నామే, ఎందుకు?

సంఖ్యాకాండము 13, 14 అధ్యాయములు చూడండి. కనాను దేశమును చూచి వచ్చినవారు పన్నెండుమంది. పదిమంది భయపెట్టిరి, ఇద్దరు ధైర్యము చెప్పిరి. జనులు ఆ పదిమందినే నమ్మి రాత్రంతా ఏడ్చిరి. ఏల? వారి గుండెలో భయము ముందే ఉన్నది. చెప్పినవారు పరాయివారు కారు, తమ గోత్రముల పెద్దలే.

2012 ఆగస్టులో బెంగళూరులోను ఇట్లే జరిగినది. ఈశాన్య రాష్ట్రములవారిని కొట్టెదరని ఫోన్లలో పుకారు పుట్టగా, కొద్ది రోజులలోనే వేలమంది పనులు, చదువులు విడిచి గౌహతి రైళ్ళెక్కిరి. వారిని తెలివిలేనివారు అనకండి. ఆ యేడు అస్సాములో జరిగిన అల్లర్లు నిజమే. ఆ నిజమును పట్టుకొనియే అబద్ధము నడిచినది.

2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చారన్న వాట్సాప్ మాటలు నమ్మిన జనము, చామరాజపేటలో రాజస్థాను నుండి వచ్చిన ఒక పనివానిని కొట్టి చంపిరి. అతడును మనవలె పొట్టకూటికి ఊరు విడిచినవాడే. ఆ జూలైలో వాట్సాప్ వారు మన దేశములో ఒక మాటను ఒకసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. కట్టడి వ్రేలిని ఆపును గాని హృదయమును ఆపదు.

ఆశ కూడ భయమువంటిదే. 2001లో కోలారు బంగారు గనులు మూతపడినవి. "మళ్ళీ తెరుస్తారట" అని ఎవరన్నను మన చెవులు నిక్కవా? "దుబాయిలో ఉద్యోగమున్నది, ముందు డబ్బు కట్టండి" అన్న మాటయు ఆ దారినే వచ్చును.

బెరయవారు పౌలు చెప్పినదానిని సహా లేఖనములతో సరిచూచిరి (అపొ. కార్య. 17:11). అపొస్తలుని మాటను పరీక్షించుట తప్పు కానప్పుడు, బావగారు పంపిన మాటను పరీక్షించుట అవమానమా? దీనిని కళ్ళార చూచినది ఎవరు? ఇది నాలో ఏ భయమును, ఏ ఆశను తాకుచున్నది? అబద్ధమైతే దెబ్బ ఎవరికి తగులును? జవాబు దొరకువరకు ఆ మాటను మనయొద్దనే ఆగనియ్యండి. పంపినవారిని నలుగురిలో ఎగతాళి చేయక, ఒంటరిగా ప్రేమతో చెప్పండి.

ప్రభువు మన చెవులను, నోళ్ళను, వ్రేళ్ళను కాపాడును గాక. ఆమేన్.