దేహమునకు అతిభారము

అహింస యనగానే చీమను త్రొక్కకుండుట, నీరు వడగట్టి త్రాగుట, సూర్యాస్తమయమునకు ముందే భుజించుట శ్రావకునకు స్ఫురించును. ఇవి ఉత్తమమైన ఆచారములే. అయితే ఆ అహింస తన దేహము వరకు వచ్చునా యను ప్రశ్న అంతగా వినిపించదు. తీరిక కరవైన ఈ దినములలో ఆ ప్రశ్న వేసికొనుట అవసరము.

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి ఆచార్యులు గృహస్థుని అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పిరి. అవి బంధించుట, కొట్టుట, అవయవములను ఛేదించుట, అతిభారమును మోపుట, అన్నపానములను అడ్డగించుట. బండిపై మూటలు మితిమీరినచో ఎద్దు కూలును. చూచినవారు యజమానిని నిందింతురు. నేటి వ్యాపారికి ఎద్దులు లేవు. కాని ఉదయము కాఫీతో సరిపెట్టుకొని కొట్టు తెరచి, మధ్యాహ్నపు అన్నము మూడు గంటలకు నాలుగు ముద్దలతో ముగించి, నడిరేయి వరకు లెక్కలు చూచువాడు తన దేహమునే ఎద్దును చేసికొనుచున్నాడు. ఆ ఎద్దు పక్షమున మాటాడువారు లేరు.

రాబర్ట్‌సన్‌పేటలో ఈ విషయము మరింత తేటగా తెలియును. ఈ ఊరు కోలారు బంగారు గనుల నానుకొని పెరిగినది. 1902లో శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చిన పిదప గనులు నానాటికి లోతైనవి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి దిగినది. అంత లోతున రాయియే వేడెక్కి యుండును. చల్లని గాలిని యంత్రములతో క్రిందికి పంపనిదే మనుష్యుడు పనిచేయజాలడు. బంగారమును కోరినవారు సైతము దేహమునకు ఒక హద్దు కలదని ఒప్పుకొనక తప్పలేదు. గని బ్రతుకు సుఖమైనదని కాదు. రాతి ధూళి ఎందరి ఊపిరితిత్తులనో పాడుచేసినది. అయినను షిఫ్టు ముగియగానే సైరను కూసెడిది, దిగినవారు పైకి వచ్చెడివారు. బజారు సైతము ఆ వేళలను, జీతముల దినమును అనుసరించి నడచెడిది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అటుపిమ్మట బ్రతుకుతెరువు కొరకు వేలాదిమంది తెల్లవారకముందే మారికుప్పము, ఉరిగాము, కోరమాండల్ స్టేషన్లలో రైలెక్కి, బంగారుపేట మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దూరమందున్న బెంగుళూరునకు పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుట ఇచ్చట అలవాటైనది. దుకాణదారునికి ఫోను జేబులోనే ఉండుటచే కొట్టు మూసినను బేరము మూతపడదు. కూత వేసి ఇక చాలునని చెప్పువారు లేరు. హద్దు ఎవరికి వారే పెట్టుకొనవలెను.

హద్దు పెట్టుకొనుట జైనులకు క్రొత్త విద్య కాదు. పరిగ్రహమునకు పరిమాణము, దిక్కులకు పరిమాణము, భోగోపభోగములకు పరిమాణము, ఇవన్నియు ముందుగా గీచుకొను గీతలే. సామాయికమునకు రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు, అని నిర్ణయించుటలోను ఇదే మర్మము కలదు. పని తీరిన పిమ్మట కూర్చుందమనుకొనువానికి ఆ పిమ్మట ఏనాటికిని రాదు. శ్రేణిక మహారాజు పూణియా శ్రావకుని ఒక్క సామాయికమును కొనగోరగా, అతని రాజ్యములోని ధనమంతయు దాని దలాలీకైనను చాలదని మహావీర స్వామి తెలిపినట్లు కథ కలదు. ఆ పూణియా కూలినాలి సంపాదనతో బ్రతికిన బీదవాడు. తీరిక ధనముతో వచ్చునది కాదని ఆ కథ వలన తెలియును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. దేహము నశించునది, తపస్సును పొగడు ధర్మము దేహపోషణను బోధించునా? సమాధానము కష్టమైనది కాదు. ప్రత్యాఖ్యానము చేసి, శాంతచిత్తముతో మానిన భోజనము ఉపవాసము. గిరాకి పోవునని మానినది ఉపవాసము కాదు, అన్నపానములను అడ్డగించుటయే. రెండింటను కడుపు ఖాళీయే. కాని మొదటిదానిలో లోభము తగ్గును, రెండవదానిలో పెరుగును. దేహమును లాలించుమనియు దీని యర్థము కాదు. కడుపు నిండకముందే చేయి కడుగుకొనుటను ఊనోదరి యను తపస్సుగా పెద్దలు చెప్పిరి. అది ఆరోగ్యమునకును మేలు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. నాలుగు గంటలకు లేచి రైలుకు పరుగెత్తువానికి 48 నిమిషములు ఎక్కడివి? సామాయికమునకు స్థిరమైన చోటు, ఆసనము కావలెను. కదలు రైలులో అది కుదరదు. అట్టివానిని నిందించుట తగదు. ఫోను ప్రక్కనుంచి బండిలో నవకారమును స్మరించుట, సెలవునాడు ఒక సామాయికము, పగటి భోజనము నియమముగా చేసికొనుట అతనికి సాధ్యములు. మిగిలిన బాధ్యత వేళలను నిర్ణయించగల వారిపై కలదు. తన ఆకలిని గమనింపని యజమాని గుమాస్తా ఆకలినెట్లు గమనించును? తనపై అతిభారము మోపుకొన్నవాడు తెలియకయే ఇతరులపైనను మోపును. పర్యూషణ దినములలో ఇంటిల్లిపాదియు తపస్సు చేయుచుండగా, పారణకు వంట సిద్ధపరచు ఇల్లాలికి రెండు ఘడియల విరామము ఎవరిచ్చుచున్నారు? ఇదియు అహింసకు సంబంధించిన ప్రశ్నయే.

కావున తనపై దయ అనునది స్వార్థము కాదు. అది ఇతరులపై దయకు తొలిమెట్టు. గొప్ప నియమములతో ఆరంభింప నక్కరలేదు. కొట్టు మూయు వేళను, భుజించు వేళను, ఫోను విడిచి కూర్చుండు వేళను ప్రాతఃకాలముననే నిశ్చయించుకొనవలెను. గుమాస్తాకును ఇల్లాలికిని ఆ వేళలు వర్తింపజేయవలెను. సాయంకాల ప్రతిక్రమణములో ఆ మాట నిలిచినదో లేదో చూచుకొనవలెను. గిరాకి గుమ్మములో నిలిచి యున్నను, చెప్పిన వేళకు మృదువుగా రేపు రమ్మని తలుపు వేయగలిగిన శ్రావకుడు ఆ దినమున ఒక వ్రతము పాలించినవాడే.