రథమెక్కడ?
1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథముగా మార్పించి, అందే విశ్రమించుచు, దారి ప్రక్కనే స్నానమాడుచు ఆంధ్రదేశము తిరిగిరి. చక్రములపైని గృహమనిన తెలుగువారికి ముందుగా స్ఫురించునది అదియే. అట్టి వ్యాను నేడు ఒంగోలు చెంతనున్న కొత్తపట్నపు ఉప్పుగాలిలో నిలిచియున్నదనుకొందము. దాని ఇంజనునందు డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడిన క్షణమున కాయిల్‌లోని అయస్కాంతక్షేత్రము కూలి, వేలకొలది వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనను రవ్వ లేచును. ఆ పాయింట్లు క్రమముగా కాలి అరుగును. వానికి బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషనును, కార్బ్యురేటరుకు మారుగా, బరువునుబట్టి 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కొలిచి చిమ్ము ఇంజెక్షనును అమర్చినచో, ఆ రథమే ఈ రథమా? ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, రథమనునది వ్యవహారనామమేయని బౌద్ధభిక్షువైన నాగసేనుడు మిలిందరాజుచేతనే ఒప్పించెను. వైశేషిక దార్శనికులు దీనికొడంబడక, అవయవములకంటె వేరుగ అవయవి, అనగా మొత్తము వస్తువు, కలదనిరి. అయినను ఒక భాగము తొలగినంతనే పూర్వావయవి నశించి నూతనావయవి పుట్టునని వారే చెప్పవలసివచ్చెను. (మెకానిక్కు ఈ మాట విన్న నవ్వును, రవాణా కార్యాలయమువారు చాసిస్ నంబరు చూచి ఊరకుందురు.) నేను నాగసేనునివైపే మొగ్గుదును, ఏలయన పాత పాయింట్లతో నడచిననాడు సైతము ఏ రెండు రవ్వలును ఒక్కటి కావు.