సేకర్త ధర్మం: ఒక వెండి పాత్ర సాక్ష్యం

పాత వస్తువును కొన్నవాడు దానికి యజమాని అవుతాడు. కాని ఆ వస్తువుతో పాటు వచ్చిన చరిత్రకు కూడా అతడే యజమానా? నచ్చిన భాగాన్ని నిలుపుకొని, నచ్చని భాగాన్ని తుడిచివేసే హక్కు అతనికి ఉన్నదా? ఈ ప్రశ్న ఏ పురావస్తువు విషయంలోనైనా తలెత్తేదే. పాశ్చాత్య దేశాల విందుబల్లలపై వెలసిన పాత వెండి సామగ్రి విషయంలో అది మరింత తీక్ష్ణమవుతుంది. మధుపాత్రలు, పళ్లేలు, పానీయం పేరు తెలుపుతూ సీసాల మెడకు వేలాడదీసే వెండి బిళ్లలు - ఇవన్నీ ఒకప్పటి సంపన్నుల వినోదానికి తయారైనవి. ఆ వినోదానికి మూల్యం చెల్లించిన వారిలో అనేకులకు ఆ బల్ల దగ్గర చోటు లేదు.

వెండి ఏకకాలంలో కళావస్తువు, ధనం కూడా. పాత్రను కరిగిస్తే నాణెమవుతుంది. నాణేలను కరిగిస్తే పాత్ర అవుతుంది. 17వ శతాబ్ది చివర ఇంగ్లండులో నాణేలు కరిగించి పాత్రలు చేసే అలవాటు ప్రబలగా, దానిని అరికట్టడానికి 1697లో పాత్రల వెండి నాణ్యతను నాణేల కంటె హెచ్చుగా, వెయ్యింట సుమారు 958 పాళ్లుగా నిర్ణయించారు. వెయ్యింట 925 పాళ్ల ‘స్టెర్లింగ్’ ప్రమాణం 1720లో తిరిగి అమలులోకి వచ్చింది. తెలుగు ఇళ్లలోనూ పాత వెండి చెంబును కంసాలికి ఇచ్చి, తరుగు, మజూరీ పోను కొత్త కంచం చేయించుకోవడం పరిపాటే. కరిగిన వెండికి జ్ఞాపకం ఉండదు. కనుక శతాబ్దాల పాటు కరగకుండా మిగిలిన పాత్ర వెనుక దానిని ఉంచాలనుకున్న మనుషులు ఉంటారు. సేకర్త సమాజానికి చేసే మొదటి మేలు ఇదే.

సేకర్త దృష్టి ముందుగా పాత్ర అడుగున ఉన్న ముద్రలపై నిలుస్తుంది. ఇంగ్లండులో 1300 నాటి శాసనం చిరుత తల ముద్రను విధించింది. 1478 నుంచి సంవత్సరాన్ని సూచించే అక్షరం, 1544 నుంచి నడిచే సింహం ముద్ర దానికి తోడయ్యాయి. ఈ ముద్రల విషయంలో మోసాలూ లేకపోలేదు. 1720లో ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను విధించగా, కొందరు పనివారు చిన్న వస్తువుకు ముద్ర వేయించి, ఆ ముక్కను కోసి పెద్ద పాత్రకు అతికేవారు. అటువంటి అతుకును పసికట్టడంలో సేకర్తలు చూపే శ్రద్ధ ప్రశంసనీయం. అయితే నాణ్యత ముద్ర హామీ ఇచ్చేది లోహం స్వచ్ఛతకు మాత్రమే. ఆ పాత్ర గడిపిన జీవితం గురించి అది మౌనం వహిస్తుంది.

ఈ మౌనం ఎంతటిదో తెలియడానికి అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్న ఒక పాత్రను చూడవచ్చు. పార్లమెంటు విధించిన పన్నులను నిరసిస్తూ ఇతర వలసలకు పంపిన లేఖను ఉపసంహరించుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం ఆజ్ఞాపించగా, మసాచుసెట్స్ శాసనసభలో 92 మంది సభ్యులు నిరాకరించారు. వారి గౌరవార్థం 15 మంది పౌరులు 1768లో పాల్ రివియర్ అనే వెండిపనివాని చేత ఈ పాత్రను చేయించారు. దాని అంచు చుట్టూ ఆ 15 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. 1949లో మ్యూజియం దీనిని కొన్నప్పుడు ప్రజలు చందాలు ఇచ్చారు. బడిపిల్లలు సైతం తమ చిల్లర నాణేలు సమర్పించారు.

ఇది ‘పంచ్’ అనే పానీయానికి ఉద్దేశించిన పాత్ర. ఐదు ద్రవ్యాల కలయిక కనుక ఆ పేరు భారతీయ భాషల ‘పంచ’ శబ్దం నుంచే వచ్చిందని పలువురి అభిప్రాయం. ఆ కాలపు బోస్టన్‌లో పంచ్‌కు ముఖ్యద్రవ్యాలు రమ్ము, చక్కెర. చక్కెర, రమ్ముకు ఆధారమైన చెరకు మడ్డి కరీబియన్ దీవుల తోటల్లో ఆఫ్రికన్ బానిసల శ్రమతో ఉత్పత్తి అయినవి. ఆనాడు ప్రపంచంలో చెలామణి అయిన వెండిలో అధికభాగం స్పానిష్ అమెరికా గనులది. వాటిలో 1545లో వెలుగుచూసిన పొటొసీ గనిలో స్థానిక ప్రజల చేత నిర్బంధంగా పని చేయించారు. స్వేచ్ఛను కీర్తించే అక్షరాలు పాత్ర వెలుపల వెలిగాయి. లోపల నింపే పానీయంలో బానిసల చెమట ఉన్నది.

లోహానికి పాపం అంటదని కొందరంటారు. నిజమే. కాని పేరు, ముద్ర, పూర్వపు యజమాని ఘనత చూసి అదే బరువు గల వెండికి పదింతలు చెల్లించే వ్యక్తి, చరిత్ర లోహానికి అంటుతుందని ముందే అంగీకరించినట్లే. గౌరవం అంటేటప్పుడు అంగీకరించి, అగౌరవం అంటేటప్పుడు నిరాకరించడం న్యాయం కాదు. మరికొందరు ఇటువంటి వస్తువులను ప్రదర్శనకే పెట్టరాదంటారు. ఆ బానిసలలో అత్యధికుల పేర్లు ఏ పాత్రపైనా లేవు. పాత్రను కూడా దాచివేస్తే వారి శ్రమను గుర్తుచేసే ఒక సాక్ష్యం మరుగున పడుతుంది.

అనుభవజ్ఞులైన సేకర్తలు పాటించే నియమం ఒకటి ఇక్కడ మార్గదర్శకం కాగలదు. రాపిడి పొడితో వెండిని తోమిన ప్రతిసారీ పైపొర కొంత పోతుంది. చెక్కడాలు మసకబారతాయి, ముద్రలు అరిగిపోతాయి. పూర్వ యజమాని చిహ్నాన్ని గీకివేసిన పాత్ర ఆ చోట పలుచబడుతుంది. వారు దానిని లోపంగా పరిగణిస్తారు. మితిమీరిన మెరుగు వస్తువుకు హాని అని తెలిసినవారికి, మితిమీరిన ప్రశంస చరిత్రకు హాని అని బోధించనక్కరలేదు.

ఈ బాధ్యత వ్యక్తులతో ముగిసేది కాదు. 1949లో మరణించిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణ 1951లో హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంగా ప్రజలకు తెరుచుకున్నది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఒక వ్యక్తి అభిరుచి ప్రజల ఆస్తిగా మారినప్పుడు, వస్తువు పక్కన ఉంచే చిన్న పరిచయ ఫలకం కూడా ప్రజలకు ఇచ్చే వాఙ్మూలమే అవుతుంది. చేసినవాని పేరు, కాలం, బరువు అందులో ఉండవలసిందే. ఆ పాత్రలో ఏమి పోశారు, అది ఎవరి శ్రమతో వచ్చింది అన్న రెండు మాటలు కూడా తెలిసినంత మేరకు చేరాలి. ఆ రెండు మాటల వల్ల వెండి కాంతి తగ్గదు. చూచేవారికి ఆ కాంతి మూల్యం తెలుస్తుంది.