ప్రాణావసర వేళ ప్రభుత్వ రుణం: ధర్మం ఏమంటుంది?

ప్రజారోగ్య విపత్తు ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వం ప్రజల సొమ్మును ప్రైవేటు కర్మాగారాలకు అప్పుగానో, ముందస్తు చెల్లింపుగానో ఇచ్చి మందులు, టీకాలు, ఆక్సిజన్ దేశంలోనే తయారయ్యేలా చూస్తుంది. కొవిడ్ కాలంలో చాలా దేశాలు ఈ పని చేశాయి. ఆర్థికశాస్త్రం దీన్ని వడ్డీ, గడువు, పూచీకత్తుల లెక్కలో చూస్తుంది. తత్త్వశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. అందరిదీ అయిన సొమ్మును కొందరి చేతికి ఇచ్చే అధికారం పాలకుడికి ఎక్కడిది? నష్టం వస్తే ఎవరు మోయాలి? ఎవరికి ఇవ్వాలి? అసలు, వడ్డీ ఖజానాలో జమ అయితే ఆ అప్పు తీరినట్టేనా?

మొదటి ప్రశ్నకు భారతీయ గ్రంథాల్లో స్పష్టమైన సమాధానం ఉంది. కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఎనిమిది ఉపద్రవాలను లెక్కపెట్టాడు: అగ్ని, వరద, వ్యాధి, కరవు, ఎలుకలు, క్రూరమృగాలు, పాములు, రాక్షసులు. వీటి నుంచి జనపదాన్ని కాపాడటం రాజు విధి అన్నాడు. కరవు వస్తే విత్తనాలు, తిండిగింజలు ఇచ్చి ఆదుకోమన్నాడు. రెండో అధికరణంలో రైతులకు ధాన్యం, పశువులు, డబ్బు ఇవ్వాలనీ, వాళ్లు తమ వీలునుబట్టి తిరిగి చెల్లించాలనీ చెప్పాడు. ఆ వెంటనే ఒక హెచ్చరిక చేశాడు. ఇలాంటి అనుగ్రహాలు ఖజానాను పెంచేవిగా ఉండాలి తప్ప గుల్ల చేసేవిగా ఉండకూడదు; ఖజానా ఖాళీ అయిన రాజు చివరికి ప్రజలనే పీక్కుతింటాడు.

బౌద్ధ వాఙ్మయంలో దీఘనికాయంలోని కూటదంత సుత్తం ఇదే విషయాన్ని కథగా చెబుతుంది. మహావిజితుడనే రాజు గొప్ప యజ్ఞం తలపెడతాడు. అప్పటికే రాజ్యంలో దోపిడీలు పెరిగి ఊళ్లు అల్లాడుతున్నాయి. ఈ స్థితిలో కొత్త పన్ను వేయడం తగదనీ, దొంగలను చంపినా, చెరపట్టినా బెడద పోదనీ పురోహితుడు చెబుతాడు. రైతులకు విత్తనాలు, వర్తకులకు పెట్టుబడి, కొలువులో ఉన్నవాళ్లకు జీతం ఇమ్మంటాడు. రాజు అలాగే చేస్తాడు. ఎవరి పనిలో వాళ్లు పడతారు, రాబడి పెరుగుతుంది, జనం ఇళ్లకు గడియలు పెట్టుకోకుండా పిల్లలను ఎత్తుకుని ఆడించుకుంటూ ఉంటారు. మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలమడుగుతూ వేసిన ప్రశ్నల్లోనూ రైతుల తిండి, విత్తనాలు, అనుగ్రహపూర్వకంగా ఇచ్చే అప్పుల ప్రస్తావన ఉంది.

ఈ మూడు చోట్లా రాజు ఇచ్చేది ఒక పూట అన్నంతో ఆగిపోదు. పని మళ్లీ సాగడానికి కావలసిన మూలధనం అతడు సమకూరుస్తున్నాడు. పన్నుగా వచ్చిన సొమ్ము రాజు సొంత ఆస్తి కాదు గనుక, దాన్ని ప్రజల ప్రాణరక్షణకు మళ్లించడం దయాదాక్షిణ్యాల కిందికి రాదు. అది ధర్మకర్త బాధ్యత. అధికారానికి మూలం ఆ బాధ్యతే, హద్దు కూడా ఆ బాధ్యతే.

రెండో ప్రశ్న, నష్టభయం ఎవరు మోయాలన్నది. టీకా తయారీని దగ్గరగా చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. భారత్ బయోటెక్ వారి కొవిడ్ టీకా కొవాగ్జిన్‌ కోసం వీరో అనే కణాల్లో సజీవ వైరస్‌ను కట్టుదిట్టమైన జీవభద్రత ఉన్న గదుల్లో పెంచేవారు. తర్వాత దాన్ని నిర్వీర్యం చేసి, శుద్ధిచేసి, సీసాల్లో నింపి, పరీక్షలకు పంపేవారు. ఒక బ్యాచ్ తయారీ మొదలై టీకా జనానికి చేరడానికి సుమారు 120 రోజులు పడుతుందని భారత్ బయోటెక్ 2021 మేలో తెలిపింది. మే నెలలో ఎంత డబ్బు కుమ్మరించినా జూన్ నాటికి కొత్త డోసులు రావు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్టు కాకుండా ఉండాలంటే, టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే కర్మాగారం కట్టాలి. పనిచేయదని తేలితే ఆ ఖర్చంతా వృథా. ఏ వ్యాపారీ ఒంటరిగా మోయలేని ఆ భారాన్ని సమాజం పంచుకోవడానికి ప్రభుత్వ ధనం అవసరమవుతుంది.

ఆ పంచుకోవడంలో తేడాలున్నాయి. గ్రాంటు ఇస్తే నష్టం మొత్తం ప్రజలదే. ముందస్తు చెల్లింపులో ధర, పరిమాణం ముందే తేలిపోతాయి. సరుకు రావడం ఆలస్యమైతే ఆ బరువు ప్రజల మీద పడుతుంది. అప్పులో నష్టం ముందుగా సంస్థది, సంస్థ కూలితే ప్రజలది. భారతదేశం మూడు దారులూ వాడింది. 2020 నవంబరులో 900 కోట్ల రూపాయలతో ప్రకటించిన మిషన్ కొవిడ్ సురక్ష కింద భారత్ బయోటెక్ బెంగళూరు కేంద్రానికి 65 కోట్లు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కు 60 కోట్ల గ్రాంటు నిర్ణయించారు. 2021 ఏప్రిల్ చివర్లో సీరం ఇన్‌స్టిట్యూట్‌కు 11 కోట్ల కొవిషీల్డ్ డోసుల కోసం 1,732.50 కోట్లు, భారత్ బయోటెక్‌కు 5 కోట్ల కొవాగ్జిన్ డోసుల కోసం 787.50 కోట్లు నూరు శాతం ముందస్తుగా ఇచ్చారు. మే 5న రిజర్వు బ్యాంకు టీకా తయారీదారులు, ఆసుపత్రులు, ఆక్సిజన్ సరఫరాదారుల వంటివారికి అప్పులివ్వడానికి బ్యాంకులకు రెపో రేటుకే 50,000 కోట్ల రూపాయల ప్రత్యేక వెసులుబాటు కల్పించింది.

మూడో ప్రశ్న పాత్రత. భగవద్గీత పదిహేడో అధ్యాయం సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్రం అనే మూడు కొలతలు పెట్టింది. విపత్తులో మొదటి రెండూ వాటంతటవే కుదురుతాయి. తొందరలో తప్పిపోయేది మూడోదే. అమెరికాలో 2020 జులై 28న ప్రభుత్వ ఆర్థిక సంస్థ డీఎఫ్‌సీ, ఫొటో ఫిల్ములకు పేరుపొందిన కొడాక్‌కు మందుల ముడిపదార్థాల తయారీకి 76.5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చే ఉద్దేశం ప్రకటించింది. అంతకుముందు 3 డాలర్లకు లోపున్న కొడాక్ షేరు మర్నాడు ఒక దశలో 60 డాలర్లను తాకింది. ప్రకటనకు ముందురోజే సంస్థ ఉన్నతాధికారులకు షేర్ ఆప్షన్లు దక్కిన సంగతి బయటికి రావడంతో ప్రశ్నలు లేచాయి. ఆగస్టు 7న డీఎఫ్‌సీ ఈ ప్రక్రియను నిలిపివేసింది. చట్టాన్ని ఉల్లంఘించినట్టు లేదని కొడాక్ తరఫున జరిగిన సమీక్ష తేల్చింది. అయినా ప్రశ్న తీరలేదు. ప్రాణాలు కాపాడతామన్న మాట మీద వచ్చిన లాభం, ఒక్క మాత్రయినా తయారుకాకముందే ఎవరి జేబులోకి వెళ్లాలి? చట్టం ఒప్పుకున్న ప్రతిదీ ధర్మం ఒప్పుకోదు. ప్రజాధనం అడిగే సంస్థకు ఆ పనిలో అనుభవం, లెక్కల్లో పారదర్శకత, చేతిలో ఉన్న సాధనాలు చూడటం అందుకే తప్పనిసరి.

నాలుగోది, అన్నిటికన్నా బరువైనది: తిరిగి రావాల్సింది ఏమిటి? శతపథ బ్రాహ్మణం మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకే కాక తోటి మనుషులకూ రుణపడి ఉంటాడని చెబుతుంది. మనుష్య రుణం అప్పిచ్చినవాడికి నాణేలు లెక్కపెడితే తీరదు; అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి తీర్చాలి. ప్రజల సొమ్ముతో నిలబడిన ఉత్పత్తికి ఈ కొలత సరిగ్గా వర్తిస్తుంది. కొవాగ్జిన్‌ను భారత వైద్య పరిశోధన మండలి, భారత్ బయోటెక్ కలిసి రూపొందించాయి. నికర అమ్మకాలపై 5 శాతం రాయల్టీ మండలికి చెందాలన్నది ఒప్పందం. 2022 జనవరి చివరి నాటికి 171.74 కోట్ల రూపాయలు అలా వచ్చాయని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. డబ్బు లెక్క ఇలా సరిపోతుంది.

ధర లెక్క అంత సులువుగా సరిపోలేదు. 2021 ఏప్రిల్‌లో కేంద్రానికి 150 రూపాయలకు ఇస్తున్న కొవాగ్జిన్ డోసుకు భారత్ బయోటెక్ రాష్ట్రాలకు 600, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 రూపాయల ధర ప్రకటించి, తర్వాత రాష్ట్రాల ధరను 400కు తగ్గించింది. సీరం కూడా రాష్ట్రాలకు 400గా చెప్పిన కొవిషీల్డ్ ధరను 300కు దించింది. ప్రజాధనం ఇందులో ఉండగా వేర్వేరు ధరలు ఎందుకని సుప్రీంకోర్టు ప్రశ్నించింది. జూన్ 21 నుంచి ఉత్పత్తిలో 75 శాతం కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చే పద్ధతి వచ్చింది. గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వ సిద్ధాంతం ఇక్కడ వెలుగు చూపుతుంది. సంపదను నడిపే నేర్పు యజమానిది, దానికి తగిన ప్రతిఫలం అతడికి న్యాయం. మిగిలినదానికి అతడు సమాజం తరఫున కాపలాదారు. ఆ ‘తగిన’ ఎంతో అప్పు ఇచ్చేనాడే రాసుకోవాలి. ప్రాణభయంతో ఉన్న కొనుగోలుదారు ముందు కూర్చుని బేరమాడటం న్యాయం కాదు.

ఐదో ప్రశ్న సరిహద్దుది. స్వదేశీ ఉత్పత్తి పెంచమన్నప్పుడు పొరుగువాడి ప్రాణానికి విలువ ఎంత? 1950 నాటి రక్షణ ఉత్పత్తి చట్టాన్ని అమెరికా తన అవసరాలకు వాడటంతో, టీకా తయారీకి కావలసిన సంచులు, ఫిల్టర్లు అందడం కష్టంగా ఉందని 2021లో సీరం మొరపెట్టుకుంది. రెండో ఉద్ధృతిలో భారత్ టీకా ఎగుమతులు ఆపినప్పుడు, అంతర్జాతీయ టీకా పంపిణీ ఏర్పాటైన కోవాక్స్ మీద ఆశపెట్టుకున్న పేద దేశాలు అలాగే చిక్కుకున్నాయి. సొంత ప్రజలను ముందు కాపాడుకోవడం పాలకుడి ప్రత్యేక ధర్మం. ఆ ధర్మం ఇతరుల పట్ల సామాన్య ధర్మాన్ని వాయిదా వేయగలదే కానీ రద్దు చేయలేదు. రెండూ కలిసి నడవగలవని చూపిన సందర్భమూ హైదరాబాద్‌లోనే ఉంది. బయోలాజికల్-ఇ సంస్థ టీకా సామర్థ్యం పెంచడానికి అదే డీఎఫ్‌సీ 2021 అక్టోబరులో 5 కోట్ల డాలర్ల ఆర్థిక సాయం ఖరారు చేసింది. ఒక దేశపు ప్రజాధనం మరో దేశపు కర్మాగారంలో అందరి కోసం పనిచేయడానికి ఇది ఉదాహరణ.

చివరిది మాఫీ. బైబిలు ద్వితీయోపదేశకాండం ఏడేళ్లకోసారి అప్పుల విడుదల విధించింది. ఖురాన్ రెండో సూరా, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి గడువివ్వమనీ, వదిలేస్తే మరీ మంచిదనీ చెబుతుంది. ఈ కనికరం నిజాయితీగా ప్రయత్నించి ఓడినవారి కోసం. సొమ్ము దారి మళ్లించినవారి కోసం కాదు. ఆశించిన ఫలితం సకాలంలో అందని ప్రభుత్వ నిర్ణయాలకూ ఇదే కొలత. 2021 జూన్‌లో కేంద్రం బయోలాజికల్-ఇ వద్ద 30 కోట్ల డోసుల కోసం 1,500 కోట్ల ముందస్తు ఏర్పాటు చేసింది. ఆ సంస్థ టీకా కార్బెవాక్స్ 2022 మార్చిలో 12 నుంచి 14 ఏళ్ల పిల్లల టీకా కార్యక్రమంలోకి వచ్చింది. అప్పటికి ఉద్ధృతి తీరు మారిపోయింది. అంతమాత్రాన ఆ నిర్ణయం తప్పు అనలేం. చితులు ఆరని రోజుల్లో, ఏ టీకా ముందుగా అందుతుందో తెలియని వేళ తీసుకున్న నిర్ణయాన్ని ఆనాటి తెలివిడితోనే తూచాలి.

కాబట్టి విపత్కాలంలో ప్రభుత్వం ఉత్పత్తికి అప్పివ్వడం ధర్మసమ్మతమే, ధర్మవిహితం కూడా. అయితే ఆ అప్పుకు అసలు రుణదాతలు మందు అవసరమైన ప్రజలు. ధర, వాటా, లెక్కల వెల్లడి, ఇతర దేశాలకు ఇవ్వాల్సిన భాగం ఒప్పంద పత్రంలోనే ఉండాలి, ఆ పత్రం ప్రజలు చదవగలిగేలా బయట ఉండాలి. అవి లేని ఒప్పందంలో వడ్డీతో సహా ప్రతి పైసా తిరిగొచ్చినా అప్పు తీరినట్టు కాదు.