వినేవాడు లేని గీత

రాజమండ్రిలో కోటిలింగాల రేవు వైపు వైకుంఠ రథం కదిలిందంటే, బండి కనబడకముందే ఘంటసాల గొంతులో భగవద్గీత వినబడుతుంది. కొట్లవాళ్లు లేచి ఓ దణ్ణం పెట్టి మళ్లీ బేరంలో పడతారు. అమలాపురమైనా, భీమవరమైనా చావింట్లో ఇదే తంతు: ఫ్రీజరు పెట్టె పక్కన చిన్న స్పీకరు, దానికో పెన్‌డ్రైవు, రాత్రంతా తిరిగి తిరిగి అవే శ్లోకాలు. అందుకే మామూలు రోజు పొద్దున్నే ఏ ఇంట్లోంచైనా ఆ గీత వినబడితే, "ఎవరైనా పోయారాండీ?" అంటూ పక్కింటివాళ్లు కంగారుపడతారు.

ఇది ఆ గాయకుడికి జరుగుతున్న అన్యాయం. ఘంటసాల చివరి రోజుల్లో, ఒంట్లో బాగోకపోయినా, హెచ్‌.ఎం.వి.కి ఈ గీత పాడారు. 700 శ్లోకాల్లోంచి కొన్ని ఏరి, వాటికి తెలుగులో తాత్పర్యం కూడా చెప్పారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. రికార్డు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది. తాత్పర్యం చెప్పారంటేనే, బతికున్నవాళ్లకు అర్థం కావాలని కదా!

ఎల్పీ ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు. ముల్లు చివరి గాడికి చేరాక ఎవరో ఒకరు లేచి, వేళ్లు తగలకుండా అంచులు పట్టుకుని ప్లేటు తిరగెయ్యాలి. అంటే ఆ గదిలో వినేవాడొకడు ఉండితీరాలి. క్యాసెట్టు ఆ పని తగ్గించింది. పెన్‌డ్రైవు పూర్తిగా తీసేసింది.

ప్లేటు మీద గొంతు నిండుగా ఉంటుందనేవాళ్లున్నారు, చిటపటలు భరించలేమనేవాళ్లూ ఉన్నారు. అది చెవులకు సంబంధించిన తగువు.

అసలు ప్రశ్న వేరు. యంత్రంలోంచి వచ్చిన దైవవాక్కుకు ఫలం ఉంటుందా? గురుముఖతః నేర్చిందే వేదమనే సంప్రదాయం కోనసీమ అగ్రహారాల్లో ఈనాటికీ ఉంది. కానీ గీత మనదాకా వచ్చిన దారి చూడండి. కురుక్షేత్రానికి దూరంగా కూర్చున్న ధృతరాష్ట్రుడికి సంజయుడు చెబితే వచ్చింది. అదీ ఒకరి నోట మారి వచ్చిన మాటే! ఆ మాటలే విని అర్జునుడు లేచాడు, సంజయుడు పులకించిపోయాడు, ధృతరాష్ట్రుడు మాత్రం కూర్చున్నచోటే ఉండిపోయాడు. పద్దెనిమిదో అధ్యాయం చివర్లో కృష్ణుడు అర్జునుణ్ణి అడిగిందీ అదే: మనసు పెట్టి విన్నావా అని. మాట ఏ దారిన వచ్చిందన్న పట్టింపు అక్కడ కనబడదు.

చావింట్లో గీత ఉండకూడదని కాదు. ప్రాణం పోయే వేళ చెవిలో గీత చదవడం పాత ఆచారమే. అప్పుడూ వినే మనిషి ఉన్నాడు. పోయాక వినాల్సింది ఆ గదిలో కూర్చున్న కొడుకులూ కూతుళ్లూ. పుట్టినవాడికి చావు తప్పదన్న రెండో అధ్యాయపు మాట వాళ్లకోసమే. పెన్‌డ్రైవులో ఉన్నదైనా ఫర్వాలేదు. ఒక్క భాగం పెట్టి, అది అయ్యేదాకా అందరూ ఫోన్లు పక్కన పడేసి విని, ఆ తర్వాత స్పీకరు కట్టేయమని ఇంటిపెద్ద ఒక్క మాట చెబితే చాలు.