అన్నము దానమా, ఋణమా?

ప్రభుత్వము బీదలకిచ్చు బియ్యము దానమని మనలో పలువురు తలచుచున్నారు. ఈ తలంపు సరియైనదేనా?

1943లో వంగదేశమున లక్షలకొలది జనులు క్షామమునకు బలియైరి. దేశమున ధాన్యము బొత్తిగా లేక కాదు, దానిని కొనుశక్తి లేకయే పెక్కుమంది మరణించిరని అమర్త్యసేన్‌గారు 1981లో వాదించిరి. అట్టి మరణము దైవికము కాదు, మానవకృతము.

1965లో భారత ఆహార సంస్థ యేర్పడినది. రైతుల ధాన్యమును నిర్ణీతపు ధరకు గొని, గిడ్డంగులలో నిలువచేసి, చౌకదుకాణముల కందజేయుటకై రాష్ట్రములకు బంపుట దాని పని. 1983లో ఆంధ్రప్రదేశమున బీదలకు రెండు రూపాయలకే కిలో బియ్యము లభించెను. 2013 నాటి ఆహార భద్రతా చట్టము అర్హులైన కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా జేసినది.

నేడు చౌకదుకాణమున వేలిముద్ర యంత్రము గలదు. దొంగల నరికట్టుట యుక్తమే. కాని జీవితమంతయు నాట్లు వేసి, కోతలు కోసి, రేఖలరిగిన ముసలమ్మ వేలిని ఆ యంత్రము గుర్తింపకున్నచో? ఆ గిడ్డంగిని నింపినవి అట్టి వేళ్లే కదా! ముద్ర పడలేదని బియ్యము నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వము 2017లో ఆదేశించినది. అయినను, ఇచ్చువాడు తన్ను దాతగా భావించునంతకాలము ఆమె వట్టిచేతులతో మరలవలసినదే.

అనర్హుడొకడు తినిన బియ్యపు వెలను రేపు రాబట్టవచ్చును. పస్తున్న పూటను ఎవరు మరల నీయగలరు? కావున సందేహము గలిగినచోట ముందు బియ్యము కొలిచి, పిదప విచారింపవలయును. ఋణము దీర్చువాడు ఋణదాతను గుమ్మమున నిలిపియుంచుట ధర్మము కాదు.