ఏకాంతమా, ఒంటరితనమా? – ‘చివరకు మిగిలేది’లో తల్లి నీడ

తల్లి అతిరక్షణలో పెరిగిన బిడ్డ పెద్దయిన తరువాత మానసికంగా ఏకాకి అవుతాడన్న వాదం ఇరవయ్యవ శతాబ్ది మనోవిజ్ఞానంలో బలంగా వినిపించింది. అమెరికన్ మనోవైద్యుడు డేవిడ్ లెవీ 1943లో ఈ విషయంపై ఒక గ్రంథమే వెలువరించాడు. ఆ దశాబ్దంలోనే, ఏలూరులో జన్మించిన బుచ్చిబాబు (1916–1967) ‘చివరకు మిగిలేది’ నవలను ధారావాహికగా ప్రకటించాడు. దానికి తొలుత అనుకున్న పేరు ‘ఏకాంతం’.

కథానాయకుడు దయానిధి ఎవరినీ నిండుగా ప్రేమించలేడు. కోమలి, అమృతం, ఇందిర – ఎవరికి చేరువైనా నడుమ తల్లి జ్ఞాపకం అడ్డు నిలుస్తుంది. దీనిని తెగని మాతృబంధంగా వ్యాఖ్యానించడం సులభమే. కాని ఈ తల్లి బిడ్డను కొంగున ముడివేసుకున్న తల్లి కాదు, లోకం చెడ్డపేరు అంటగట్టిన స్త్రీ. ఆమె నిజంగా ఏమి చేసిందన్న దానికన్నా, ఆమెను గురించి నలుగురూ ఏమనుకుంటున్నారన్నదే కొడుకును వెంటాడుతుంది. నవలలో అధికభాగం ఆమె మరణానంతరమే నడుస్తుంది. కనుక తన పక్షాన తాను చెప్పుకొనే అవకాశం ఆమెకు లేదు.

ఇక్కడ రక్షణ తలకిందులైంది. తల్లి బిడ్డను కాచుకోవడం కాదు, చనిపోయిన తల్లి పేరును కొడుకు కాచుకోవలసి వచ్చింది. కావలివాడు ఎదుటివారిని ముందు అనుమానించాలి, తరువాతనే దగ్గరకు రానివ్వాలి. దయానిధి స్నేహాలలోని బిగువుకు మూలం అదే. అందుచేత అతని ఒంటరితనానికి తల్లినే కారణంగా చూపే విమర్శ, ఊరు వేసిన నిందనే శాస్త్రపరిభాషలో మరొకసారి వేసినట్లవుతుంది.

తల్లి సన్నిధిలోనే బిడ్డ ఒంటరిగా ఉండగలగడం నేర్చుకుంటాడని ఆంగ్ల మనోవిశ్లేషకుడు విన్నికాట్ 1958లో ప్రతిపాదించాడు. ఆ శక్తి ఏకాంతం. మనుషులు దూరం పెట్టగా మిగిలేది ఒంటరితనం. దయానిధి తనకు ప్రాప్తించిన రెండవదానిని మొదటిదిగా మలచుకోవాలని పెనుగులాడుతాడు. ‘ఏకాంతం’ అన్న తొలి శీర్షికలో ఆ పెనుగులాట ఉంది. మారిన శీర్షిక దానిని ప్రశ్నగా మార్చింది. ఈ మార్పు నవలకు మేలే చేసింది.

అయినా ఊరిని దోషిగా నిలిపినంత మాత్రాన దయానిధి నిర్దోషి కాడు. తల్లికి లోకం చేసిన అన్యాయం అతనికి క్షణ్ణంగా తెలుసు. ఇందిర తనవల్ల ఏమి కోల్పోయిందో అంత స్పష్టంగా తెలియదు. తల్లి కోసం కాపలా కాసినవాడు భార్య కోసం తలుపు తీయలేకపోయాడు.